మన మీదే ఎందుకీ కన్ను?

నిఘా అనగానే మనకు పోలీసు జీపు గుర్తొస్తుంది. టీ కొట్టు బల్ల మీద మఫ్టీలో కూర్చుని, మన మీటింగుకు ఎవరెవరు వచ్చారో చీటీ మీద రాసుకునే మనిషి గుర్తొస్తాడు. ఆ నిఘాను మనం గుర్తుపట్టగలం. చూసి నవ్వుకున్నాం, ఒక్కోసారి పిలిచి టీ కూడా పోయించాం. ఇప్పుడొచ్చిన నిఘా జీపులో రావడం లేదు. రేషను షాపులో అరచేతి మందం మిషనుగా వస్తున్నది. పని దగ్గర మేటు చేతిలో సెల్‌ఫోనుగా, వాడ మొగదల కరెంటు స్తంభానికి కెమెరాగా, అంగన్‌వాడీలో బాలింత ముఖానికి తీసే ఫోటోగా వస్తున్నది. మీ మంచికే అంటూ వస్తున్నది. అందుకే దాన్ని నిఘా అనాలని కూడా మనకు తోచడం లేదు. అలవాటైపోయింది. ఈ అలవాటే అన్నిటికన్నా ప్రమాదమని మేము అనుకుంటున్నాం.

ఒక్క దెబ్బన వచ్చి ఉంటే తిరగబడేవాళ్ళం. మెట్టు మెట్టుగా వచ్చింది. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలో నందుర్‌బార్ జిల్లా తెంభ్లీ అనే ఆదివాసీ పల్లెలో మొదటి ఆధార్ ఇచ్చారు. అప్పుడు అన్న మాట ఇష్టమైతేనే తీసుకోండి అని. 2016లో చట్టం చేశారు. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఏం చెప్పింది? సిమ్ కార్డుకు ఆధార్ తప్పనిసరి కాదన్నది. బ్యాంకు ఖాతాకు తప్పనిసరి కాదన్నది. ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకు ఉండవచ్చన్నది. బియ్యానికి, పింఛనుకు, ఉపాధి కూలికి కూడా ఉండవచ్చన్నది. అంటే బ్యాంకులో డబ్బు దాచుకునేవాడు వేలు పెట్టనని అనగలడు. కడుపు మాడేవాడు అనలేడు. ఇష్టం అన్న మాట ఎవరికి మిగిలిందో, ఎవరికి పోయిందో దీన్ని బట్టే తెలుస్తున్నది.

ఇది కొత్త కన్ను కాదు

ఈ కన్ను మనకు కొత్తదా? కాదు. కంప్యూటరు పుట్టకముందు నుంచీ ఊరు వాడను చూస్తూనే ఉన్నది. చెప్పులేసుకుని ఊళ్ళోంచి నడిచాడా, సైకిలెక్కి దొర గడీ ముందునుంచి పోయాడా, ఎవరు కొత్త చొక్కా తొడిగారు, ఎవరి పిల్ల పట్నం కాలేజీకి పోతున్నది, ఇవన్నీ ఊరికి లెక్కే. మాలపల్లె, మాదిగగూడెం ఏ దిక్కున ఉండాలో నిర్ణయించిందే మన రాకపోకలు కనిపెట్టడానికి. ఊరి కావలి మనచేత కాయించారు. ఆ కావలికాడి మీద కూడా ఇంకో కన్ను వేసి ఉంచారు.

తెల్లవాడు వచ్చి ఈ కులపు చూపునే చట్టంగా రాసుకున్నాడు. 1871లో నేరస్త తెగల చట్టం తెచ్చాడు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చింది. ఎరుకల వాళ్ళను, మరెన్నో సంచార జాతులను పుట్టుకతోనే దొంగలన్నారు. వేలిముద్రలు తీసుకున్నారు. పొద్దున హాజరు, రాత్రి హాజరు. పక్క ఊరికి పోవాలంటే చీటీ కావాలి. స్టువర్టుపురం అలా పుట్టింది. దానికి పెట్టిన పేరు కూడా ఒక తెల్ల అధికారిదే. సంస్కరిస్తామన్నారు. ఆ సంస్కరణ ఎక్కడికి పోయి తేలింది? చీరాల పొగాకు కంపెనీకి చవక కూలీలు దొరికారు. దేశంలో మొదటి వేలిముద్రల కార్యాలయం 1897లో కలకత్తాలో పెట్టారు. వేలిముద్ర మిషను ఇవాళ కొత్త తెలివిలాగా కనపడుతున్నది గాని, వేలిముద్రకూ, అనుమానానికీ, చవక కూలికీ ఉన్న బంధుత్వం మన గడ్డ మీద నూరేళ్ళ నాటిది.

1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం పోయింది. అలవాటు పడిన నేరస్తులు అనే పేరుతో మళ్ళీ చట్టాలొచ్చాయి. పేరు మారింది, పోలీసు పుస్తకం మారలేదు. ఊళ్ళో ఎక్కడ దొంగతనం జరిగినా ముందు ఏ గుడిసె తలుపు తడతారో మనకు ఒకరు చెప్పాలా? 2024 మే 7న ఢిల్లీకి సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టే ఈ మాట ఎత్తింది. వెనకబడిన కులాల, దళిత, ఆదివాసీ జనం పేర్లు ఆధారం లేకుండా హిస్టరీ షీట్లలోకి ఎక్కుతున్నాయని, అది మానాలని చెప్పింది. ఇప్పుడు ఆ షీట్లే కంప్యూటర్లోకి ఎక్కుతున్నాయి. పాత అనుమానం పుస్తకంలో ఉంటే చెదలు పట్టేది. కంప్యూటర్లో ఉన్నదానికి చెద కూడా పట్టదు. 2022లో తెచ్చిన నేర విచారణ గుర్తింపు చట్టం ప్రకారం ఒకసారి తీసుకున్న వేలిముద్రలు, కనుపాప గుర్తులు 75 ఏళ్ళు ఉంచుకోవచ్చు. మనిషి పోయినా గుర్తు పోదు.

పేరు కలిసింది, అన్నం పోయింది

చూస్తే చూడనీయండి, మనదేం పోతుంది అని కొందరు అంటున్నారు. ఏం పోయిందో తెలంగాణలో చూద్దాం. 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. దుబాయి పోయినవాళ్ళు, బొంబాయి పోయినవాళ్ళు, భీవండి పోయినవాళ్ళు కూడా పేరు పోతుందేమోనని బస్సులెక్కి, రైళ్ళెక్కి సొంత ఊళ్ళకు వచ్చారు. తరవాత ప్రభుత్వం సమగ్ర వేదిక అనే కంప్యూటరు ఏర్పాటు చేసింది. బండి ఎవరి పేర ఉంది, భూమి ఎవరి పేర ఉంది, కరెంటు బిల్లు ఎవరి పేర వస్తున్నది, ఇలా వేరువేరు శాఖల లెక్కలన్నీ అది ఒకచోట కలుపుతుంది. ఎవరు పేదవాళ్ళో, ఎవరు కాదో అదే చెబుతుంది.

2014 నుంచి 2019 దాకా తెలంగాణలో 18 లక్షలకు పైగా రేషను కార్డులు రద్దయ్యాయి. నోటీసు లేదు, ఇంటికొచ్చి చూసిన మనిషి లేడు. హైదరాబాదులో రిక్షా తొక్కే మనిషికి కారు ఉందని ఆ లెక్క చెప్పిందని 2024లో పత్రికల్లో వచ్చింది. కారున్నది ఇంకొకరికి. పేరు కలిసింది, అంతే. ఆ ఇంటికి బియ్యం ఆగాయి. చివరికి ఎస్.క్యు. మసూద్ అనే హైదరాబాదు కార్యకర్త కోర్టుకు పోతే, 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రద్దయిన కార్డులన్నీ మళ్ళీ ఇళ్ళకు పోయి పరిశీలించమన్నది. ఆ లోపల ఎన్ని పొయ్యిలు వెలగలేదో ఏ కంప్యూటరు లెక్క కట్టింది?

2017 సెప్టెంబరులో జార్ఖండ్ సిండేగా జిల్లాలో 11 ఏళ్ళ పాప చనిపోయింది. ఆధార్ కలపలేదని అంతకు ముందే ఆ ఇంటి కార్డు తీసేశారు. అన్నం లేక పోయిందని తల్లి అన్నది. మలేరియా అని సర్కారు అన్నది. ఏ రోగం పేరు చెప్పినా కార్డు లేని మాట అబద్ధం కాదు గదా.

మన దగ్గర వేలు పడలేదు అనే మాట ఒకటి పుట్టింది. నాట్లు వేసి, కలుపు తీసి, రాళ్ళు కొట్టి, తోలు ఊనిన చేతులకు గీతలుంటాయా? గీతలు అరిగింది పని చేసి. మిషను గుర్తుపట్టేది పని చేయని వేలిని. ముసలమ్మ మూడు రోజులు తిరుగుతుంది. తప్పు మిషనుది. సిగ్గుపడేది మాత్రం ముసలమ్మ, నా వేలే మంచిది కాదని. సొంత శరీరమే తనకు సాక్ష్యం చెప్పడం లేదని మనిషి చేత అనిపించడం కన్నా అవమానం ఏముంది?

చెమటకు ఫోటో, చేతికి గడియారం

కూలి దగ్గరకు వద్దాం. ఉపాధి పనిలో దొంగ మస్టర్లు ఆపుతామని సెల్‌ఫోను హాజరు తెచ్చారు. 2023 జనవరి 1 నుంచి అన్ని పనుల దగ్గరా రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో తీసి ఎక్కించాలన్నారు. సిగ్నలు లేక ఫోటో ఎక్కకపోతే పోయేది కూలీ కూలి. 2024 జనవరి 1 నుంచి ఆధార్ కలిసిన ఖాతాకే డబ్బు అన్నారు. దొంగతనం ఆగిందా? సంబంధం లేని ఫోటోలు, ఫోటోకు తీసిన ఫోటోలు ఎక్కిస్తున్నారని కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే 2025 జూలైలో రాష్ట్రాలకు రాసింది. దొంగకు దారి దొరికింది. కూలీకి ఎండలో నిలబడి ఫోటో దిగడం మిగిలింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ 2005 చట్టం తీసేసి దాని స్థానంలో కొత్త చట్టం చేసింది. అందులో వేలిముద్ర, ముఖం, సెల్‌ఫోను నిఘా అన్నీ చట్టంలోనే రాసుకున్నారు. అడిగిన వాడికి పని ఇవ్వాలన్నది పాత చట్టం ప్రాణం. ఇప్పుడు పని కన్నా ముందు నిఘా గ్యారంటీ అయింది.

చండీగఢ్‌లో, నాగపూర్‌లో ఊడ్చే కార్మికుల చేతికి జి.పి.ఎస్. గడియారాలు కట్టారు. మనిషి ఏ వీధిలో ఉన్నాడో, ఎంతసేపు నిలబడ్డాడో ఆఫీసులో బొమ్మలా కనపడుతుంది. మూత్రానికి పోయినా లెక్కే. ఆ చీపురు పట్టింది ఏ కులం చేతులో మనకు తెలియంది కాదు. మురికి కాలువలోకి దిగిన మనిషి ఊపిరాడక చచ్చిపోతుంటే కనిపెట్టి చెప్పే గడియారం మాత్రం ఎవరూ కట్టలేదు. పనివాడు ఆగాడా అని చూస్తారు గాని, ప్రాణం ఆగిందా అని చూడరు.

ఇప్పుడిది పంతుళ్ళ దాకా కూడా వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టులో, తెలంగాణలో 2025 ఆగస్టులో బడి పంతుళ్ళకు ముఖం హాజరు పెట్టారు. అంగన్‌వాడీలో తల్లులు ఇంటికి తీసుకుపోయే సరుకులకు 2025 జూలై 1 నుంచి ముఖం చూపించాల్సిందే. బడిపిల్లల ముఖాలు కూడా ఫోనులోకి ఎక్కుతున్నాయి. అయిదేళ్ళ పిల్ల బడిలో అడుగుపెట్టగానే కెమెరా ముందు నిలబడటం నేర్చుకుంటున్నది. పెద్దయ్యాక ఆ పిల్లకు ఇది ఎందుకు అని అడగబుద్ధి పుడుతుందా? అలవాటు అంటే ఇదే.

కెమెరా ఎటు తిరిగి ఉంది?

2013లో ఉమ్మడి రాష్ట్రంలో చేసిన ప్రజా భద్రతా చట్టంతో దుకాణాలు, సంస్థలు కెమెరాలు పెట్టుకోవలసి వచ్చింది. తరవాత హైదరాబాదులో బస్తీ వాళ్ళే చందాలు వేసుకుని కెమెరాలు కొనిపించే పని మొదలైంది. దానికి నేను సైతం అని పేరు పెట్టారు. తిరగబడమని ఒక మహాకవి వాడిన మాట పోలీసు చందా పుస్తకం మీదికి ఎక్కింది. మన మీద పెట్టే కెమెరాకు మనమే డబ్బులియ్యాలి. తెల్లవారుజామున బస్తీని చుట్టుముట్టి కార్డన్ సెర్చ్ అంటారు. వందల మంది పోలీసులు గుడిసె గుడిసెకూ తిరిగి ఆధార్ చూపించు, బండి కాగితం చూపించు అంటారు. జూబ్లీహిల్స్ బంగళాలను ఇలా తెల్లవారుజామున చుట్టుముట్టిన వార్త మేము ఎన్నడూ చదవలేదు. నల్లధనం గుడిసెల్లోనే ఉందా?

కెమెరా తప్పు చెబితే ఏమవుతుందో మెదక్‌లో తేలింది. 2023 జనవరి చివర గొలుసు దొంగతనం కేసులో, కెమెరాలో కనపడిన మనిషి పోలికలున్నాయని ఒక దినకూలీని పట్టుకుపోయారు. ముస్లిం పేదవాడు. దొంగ అతను కాదని వదిలేశారు. స్టేషన్లో కొట్టారని ఆస్పత్రి మంచం మీంచి తన నోటితోనే చెప్పి, ఫిబ్రవరిలో చనిపోయాడు. పోలిక కలిసింది, ప్రాణం పోయింది.

మరి కెమెరా ఉండవలసిన చోట ఉందా? 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు దేశంలోని ప్రతి పోలీసు స్టేషన్లో, లాకప్పులో కూడా, మాట వినిపించేలా, రాత్రిపూట కూడా కనపడేలా కెమెరాలు పెట్టాలన్నది. ఆ తరవాతే, 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్లో వంట పని చేసుకునే ఒక దళిత తల్లి దొంగతనం అనుమానం మీద పోయి శవమై వచ్చింది. ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్ళను ఉద్యోగం నుంచి తీసేశారు. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తనంతట తనే మళ్ళీ ఈ సంగతి చేపట్టవలసి వచ్చింది. స్టేషన్లలో కెమెరాలు పనిచేయడం లేదని. బస్తీలో పనిచేసే కెమెరా స్టేషన్లో ఎందుకు చెడిపోతుంది? ఈ ఒక్క ప్రశ్న చాలు, కన్ను ఎవరి కోసమో తెలియడానికి.

కన్ను ఉన్నంత మాత్రాన కాపు దొరకదు. 1991 ఆగస్టు 6న చుండూరులో పోలీసు పికెట్ ఉండగానే మన వాళ్ళు 8 మందిని వేటాడి చంపారు. కళ్ళు లేక జరగలేదు. ఆ కళ్ళు ఎవరి పక్షాన ఉన్నాయో అదీ సంగతి. 2014లో హైకోర్టులో నిందితులంతా విడుదలయ్యారు.

దీనికి మన వాళ్ళలో కొందరు జవాబు చెబుతారు. మిర్యాలగూడలో 2018 సెప్టెంబరు 14న కులాంతరం చేసుకున్న దళిత యువకుణ్ణి ఆస్పత్రి ముందు నరికితే, కెమెరాలో పడబట్టే గదా లోకానికి తెలిసింది అంటారు. నిజమే. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. మేము కెమెరాను దెయ్యమని అనడం లేదు. కెమెరా సాక్ష్యం చెప్పగలదు. ఆ సాక్ష్యాన్ని కోర్టు దాకా మోసింది గర్భంతో ఉన్న ఆ పిల్ల మొండితనం, ఉద్యమం. చంపేవాడి చేతిని కెమెరా పట్టుకోలేదు. మేమడిగేది ఒక్కటే. కెమెరా ఎవరి చేతిలో ఉంది, ఎటు తిరిగి ఉంది, ఆ బొమ్మను చూసే హక్కు ఎవరికుంది?

దాచుకునేది మనకే ఉంది

తప్పు చేయనివాడికి భయమెందుకు అంటారు. పట్నంలో గది అద్దెకు తీసుకునేటప్పుడు ఇంటి పేరు చెప్పి చూడమనండి. మనం తప్పు చేయలేదు. అయినా మనకు దాచుకోవలసింది ఉంది. దాని పేరు కులం. అది బయటపడ్డ రోజు గది పోతుంది, కంచం వేరవుతుంది. పెద్ద కులం పిల్లను ప్రేమించిన మన పిల్లవాడి ఫోను ఏ ఊరి టవరు కింద ఉందో చెప్పేస్తే అతని ప్రాణమే పోవచ్చు. గుట్టు బలిసినవాళ్ళ సరదా కాదు, మనకది ప్రాణరక్షణ.

ఇక్కడ ఒక సంగతి తేటగా చెప్పుకోవాలి. కులాల లెక్క తీయమని మనమే గదా అడుగుతున్నాం, మరి సర్వే వద్దంటామా? వద్దనం. లెక్క వేరు, నిఘా వేరు. 1948 జనాభా లెక్కల చట్టం ప్రకారం మనిషి చెప్పిన వివరం బయటపెట్టకూడదు, కోర్టులో అతని మీద సాక్ష్యంగా వాడకూడదు. లెక్క వాడలో ఎందరున్నారో చెబుతుంది, ఆ ఎందరికి ఎంత వాటా రావాలో చెబుతుంది. నిఘా ఫలానా మనిషి వెంటపడి, వచ్చిన వాటా ఎలా కోయాలో చూస్తుంది. మన జనం లెక్కకు రావాలి, మన మనిషి చిక్కకూడదు.

బాబాసాహెబ్ దీన్ని ముందే ఆలోచించాడు. 1947 మార్చిలో రాజ్యాంగ సభకు ఇచ్చిన రాష్ట్రాలు - మైనారిటీలు అనే పత్రంలో, మనిషి ఒంటినీ, ఇంటినీ, కాగితాలనూ, సామానునూ కారణం లేకుండా సోదా చేయకూడదని హక్కుగా రాశాడు. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరు, బి.ఎన్. రావు లాంటి న్యాయ పండితులు ఇలాంటి హక్కులకు అడ్డం చెప్పారు. పోలీసు పనికి ఇబ్బంది అన్నారు. ఆ హక్కు విడిగా రాజ్యాంగంలోకి ఎక్కలేదు. 70 ఏళ్ళ తరవాత, 2017 ఆగస్టు 24న 9 మంది జడ్జీలు కూర్చుని గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. అంటరానివాడు మొదటే అడిగింది ఇంత ఆలస్యంగా ఒప్పుకున్నారు. ఒప్పుకున్నదాన్ని వాడ దాకా తెచ్చే పని మనది.

చూపు తిప్పుదాం

వాళ్ళు మనల్ని చూడటం పెరిగేకొద్దీ మనం వాళ్ళను చూడటం తగ్గిపోతున్నది. 2005 సమాచార హక్కు చట్టంతో మస్టరు కాగితాలు బయటికి లాగాం. 2006 నుంచి ఆంధ్రలో సామాజిక తనిఖీలు జరిగి, గ్రామసభలో నలుగురి ముందు మస్టరు చదివితే దొంగ పేర్లు బయటపడ్డాయి. దొంగను పట్టింది ఫోటో కాదు, వాడ జనం నోరు. ఇప్పుడు 2023 డేటా రక్షణ చట్టం పేరుతో సమాచార హక్కుకు కోత పెట్టారు. 2025 నవంబరు నుంచి అది అమల్లోకి వచ్చింది. వ్యక్తిగత సమాచారం అని చెప్పి అధికారుల వివరాలు దాచుకోవచ్చు. మన ముఖానికి కెమెరా, వాళ్ళ ఫైలుకు తెర!

వాడవాడలో కార్యకర్తలు ఈ పనులు చేపట్టాలని కోరుతున్నాం.

1. వేలు పడలేదని బియ్యం ఇవ్వకపోతే ఊరకే తిరిగి రావద్దు. ఆధార్ లేదనో, వేలు పడలేదనో సరుకులు ఆపవద్దని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరు 24న రాష్ట్రాలకు ఆదేశమిచ్చింది. ఆ కాగితం నకలు దగ్గర ఉంచుకోండి. తిప్పి పంపిన వాళ్ళ పేర్లు, తేదీలు నోటుపుస్తకంలో రాయండి. 2013 ఆహార భద్రతా చట్టం కింద జిల్లాలో ఫిర్యాదుల అధికారి ఉంటాడు. పదిమంది కలిసి అతని దగ్గరకు పోండి.

2. కార్డు రద్దయితే నోటి మాట ఒప్పుకోవద్దు. ఏ కారణంతో, ఎవరి సంతకంతో రద్దయిందో కాగితం మీద అడగండి.

3. సోదాకు వస్తే కారణం రాతలో ఉందా అని అడగండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షను ప్రకారం సోదాను వాళ్ళే వీడియో తీయాలి. ఆడవాళ్ళ ఒంటి సోదా ఆడ పోలీసే చేయాలి.

4. దారిలో ఆపి ముఖం ఫోటో తీస్తుంటే ఏ చట్టం కింద అని అడగండి. 2022 గుర్తింపు చట్టం శిక్ష పడినవాళ్ళు, అరెస్టయినవాళ్ళు, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్ళ గురించి చెబుతుంది. వేరే మనిషివి కావాలంటే మేజిస్ట్రేటు ఆదేశం ఉండాలి. హైదరాబాదులో ఇలాంటి ఫోటో మీద మసూద్ వేసిన కేసులో 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. అడిగితే నేరం కాదు. ఒక్కరుగా కాక నలుగురు కలిసి అడగండి.

5. మీ మండల పోలీసు స్టేషన్లో కెమెరాలు ఎన్ని, పనిచేసేవి ఎన్ని అని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. మన మనిషిని స్టేషనుకు పట్టుకుపోతే, ఆ రోజు రికార్డు చెరపకుండా భద్రపరచమని ఆ రోజే రాతపూర్వకంగా ఇవ్వండి.

6. మస్టరు, రేషను జాబితా, పింఛను జాబితా గ్రామసభలో గట్టిగా చదివించండి. చదువుకున్న పిల్లలు ఈ పని తీసుకోవాలి.

ఇవి చిన్న పనులే. మెట్టు మెట్టుగా వచ్చిన అలవాటు మెట్టు మెట్టుగానే పోతుంది. ఎందుకు అని అడగడం మానేసిన రోజు మనిషి సగం బానిస అయినట్టే. అలవాటు పడమని ఊరు మనకు వేల ఏళ్ళు చెప్పింది. వెలివాడకు అలవాటు పడమన్నది, రెండో గ్లాసుకు అలవాటు పడమన్నది. మన తాతలు అలవాటు పడలేదు కాబట్టే మనం ఇవాళ ఈ నాలుగు అక్షరాలు చదువుకుంటున్నాం. ఈ కన్నుకూ అలవాటు పడేది లేదు.

జై భీమ్!